ఇంట్లో రోమాలు తీసుకునే పద్ధతుల్లో నల్లమచ్చలు మిగల్చనిది ఏది?

సిరిమల్లె

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ మరో ముగ్గురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాను. నలుగురికీ ఒకటే స్నానాల గది కాబట్టి ఉదయం పావుగంట దొరికితే గొప్ప. అందుకే రెండేళ్ళుగా కాళ్ళకూ చంకలకూ రేజరుతోనే సరిపెట్టుకుంటున్నాను. మూడో రోజుకే గరుకు తేలుతోంది. అది సరే అనుకుంటే, పిక్కల మీద ఆవగింజల్లా నల్లటి చుక్కలు నిలిచిపోయాయి, చంకల్లో చర్మం బాగా నల్లబడింది. "బ్లేడు పెడితే వెంట్రుక మొద్దుగా, మందంగా వస్తుందని నేను ముందే చెప్పానా లేదా" అని మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతోంది.

పార్లరుకు నెలనెలా వెళ్ళే ఓపికా లేదు, అంత ఖర్చు పెట్టే ఉద్దేశమూ లేదు. మూడు నెలల్లో పిన్ని కూతురి పెళ్ళి ఉంది. ఇంట్లో చేసుకునే పద్ధతులను స్వయంగా వాడి చూసినవారు, నొప్పి, ఖర్చుల సంగతి తరువాత, ముందు ఈ మచ్చల సంగతి దృష్టిలో పెట్టుకొని పోల్చి చెప్పగలరా?

గోదారిగట్టు

సిరిమల్లె గారూ, నేను కాకినాడలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పద్ధతి మార్చే ముందు మీ కాలి మీద ఉన్న చుక్క ఏమిటో తేల్చుకోండి. చూడటానికి ఒకేలా ఉండే ఆ నల్లచుక్కలు మూడు రకాలు.

ఒకటి, చర్మం కిందే తెగి ఆగిన వెంట్రుక మొదలు. అది మచ్చ కాదు, చర్మంలోంచి లోపలి నలుపు కనబడటమే. వేలితో నిమిరితే బొడిపె తగలదు. రెండవది, బయటికి రావలసిన వెంట్రుక వంగి చర్మంలోకే పెరిగి కట్టిన పొక్కు. దాన్ని తాకితే తెలుస్తుంది, ఒక్కోసారి నొప్పి, దురద ఉంటాయి, కొనలో చీము కూడా పట్టవచ్చు. మూడవది, అలాంటి పొక్కో గీతో మానిన తరువాత మిగిలే నలుపు. మన గోధుమరంగు చర్మానికి చిన్న మంట కలిగినా అది మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేసి అక్కడ వదిలిపెడుతుంది. పొక్కు వారంలో పోతుంది, దాని నలుపు మాత్రం నెలల తరబడి ఉంటుంది.

మొదటిది పోవాలంటే వెంట్రుకను కుదురుతో సహా తీసే పద్ధతి కావాలి. రెండవదానికి రేజరును మరీ నున్నగా పెట్టడం మానాలి. మూడవది తగ్గాలంటే కొత్తగా మంట కలిగించకుండా ఉండటమే అసలు మందు, ఎందుకంటే పాత మచ్చ మానేలోపు కొత్త మచ్చ పెడుతూ పోతే ఎంత ఖరీదైన క్రీము రాసినా ఉపయోగం ఉండదు.

రేజరు గురించి మా వృత్తిలోని మాట ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రే రోగికి షేవింగ్ చేయించేవారు. అదే మంచిదని అందరం నమ్మేవాళ్ళం. బ్లేడు కంటికి కనబడని సన్నని గాట్లు పెడుతుందని, వాటిలో క్రిములు చేరి కుట్లకు చీము పట్టే ప్రమాదం పెరుగుతుందని తరువాత తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వెంట్రుకలు అసలు తీయవద్దని, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించాలే తప్ప రేజరు వాడవద్దని చెబుతున్నాయి. ఇంట్లో షేవింగ్ చేసుకోకూడదని దీని అర్థం కాదు. నున్నగా కనబడే చర్మం మీద కూడా గాట్లు ఉంటాయని తెలిస్తే, ఆ తరువాత ఏం చేయాలో, ఏం రాయకూడదో మనకే తోస్తుంది.

చదువరి_కడప

పెద్దమ్మగారి మాటకు సమాధానం 1928లోనే వచ్చింది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, షేవింగ్ చేసిన తరువాత పెరిగిన వెంట్రుకలను కొలిచి చూసి, మందంలోగానీ పెరుగుదల వేగంలోగానీ తేడా లేదని ప్రకటించారు. వెంట్రుక తయారయ్యేది చర్మం లోపలి కుదురులో. పైన తెగిన ముక్క సంగతి కుదురుకు తెలియదు.

అలాగని పెద్దమ్మగారు అబద్ధమాడలేదు. కోయని వెంట్రుక కొన సూదిలా సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మధ్యలో అడ్డంగా కోసినప్పుడు మొండి కొన మిగులుతుంది, అది చేతికి గరుకుగా, కంటికి ముదురుగా తోస్తుంది. పైగా చాలామంది షేవింగ్ మొదలుపెట్టేది పదిహేను, పదహారేళ్ళ వయసులో, అంటే హార్మోన్ల వల్ల వెంట్రుకలు ఎలాగూ ముదిరే కాలంలో. నింద బ్లేడు మీద పడింది.

మందులకొట్టు_గుంటూరు

కొట్టులో కూర్చుని అమ్మేవాడిగా క్రీముల గురించి నేను చెబుతాను. మా అమ్మానాన్నల తరంలో ఏ క్రీమునైనా ఆన్ ఫ్రెంచ్ అనే అడిగేవారు, ఇప్పుడు వీట్ అని అడుగుతున్నారు. పేరు ఏదైనా లోపల పనిచేసే రసాయనం సాధారణంగా కాల్షియం థయోగ్లైకొలేట్ లేదా పొటాషియం థయోగ్లైకొలేట్. వెంట్రుకను గట్టిగా నిలబెట్టేది కెరాటిన్ అనే మాంసకృత్తులోని గంధక బంధాలు. ఈ రసాయనం బాగా ఘాటైన క్షారంలో, అంటే పీహెచ్ 12 దగ్గరలో, ఆ బంధాలను తెంపి వెంట్రుకను జిగురులా చేస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గంధకానిదే, సెంటు ఎంత కలిపినా అది పూర్తిగా పోదు.

చిక్కు ఏమిటంటే మన పైచర్మంలో ఉన్నది కూడా కెరాటినే. వెంట్రుక ముందు కరుగుతుంది, చర్మం తరువాత కరుగుతుంది, ఆ రెండింటికీ మధ్య ఉన్న కొద్ది నిమిషాలే క్రీము వ్యాపారం మొత్తం. ట్యూబు మీద అయిదు నిమిషాలని రాసి ఉంటే అది సలహా కాదు, హద్దు. ఒకావిడ సీరియల్ చూస్తూ అరగంట ఉంచుకొని, మరునాడు చంక ఎత్తలేక చెయ్యి దూరంగా పెట్టుకొని మా కొట్టుకు వచ్చింది. ముంజేతి మీద చిక్కుడుగింజంత రాసి, కడిగేసి, ఒక రోజు ఆగి చూడటం ఎవరూ చేయరు. ముందు రోజు షేవింగ్ చేసిన చర్మం మీద, నిమ్మకాయ రుద్దిన చర్మం మీద, గోకుడు గాట్లున్న చోట ఇది రాయవద్దు.

ఫలితం రేజరు కంటే రెండు మూడు రోజులు ఎక్కువ నిలుస్తుంది, కొన కరిగి మెత్తబడుతుంది కాబట్టి గరుకు తక్కువ. పడినవారికి మంచిదే.

ఇంకొక సంగతి. సంతల్లోనూ చిన్న కొట్లలోనూ పేరూ ఊరూ లేని పొట్లాలలో నీళ్ళు కలిపి రాసుకునే పొడి అమ్ముతుంటారు. వాటిలో బేరియం సల్ఫైడ్ ఉండవచ్చు. చర్మాన్ని మండించడం ఒక ఎత్తు, పొరపాటున పిల్లలు నోట్లో వేసుకుంటే రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడి ప్రాణం మీదికి వస్తుంది. రూపాయి మిగులుతుందని ఇంట్లోకి తేవద్దు.

పాకం_పట్టినమ్మ

నేను తెనాలి నుంచి రాస్తున్నాను. పదకొండేళ్ళుగా పంచదార పాకంతోనే చేసుకుంటున్నాను. మా ఇంట్లో నేనూ, ఇద్దరు ఆడపడుచులూ, ఇప్పుడు మా అమ్మాయీ దీనికి అలవాటుపడ్డాం. ఈజిప్టులోనూ అరబ్బు దేశాలలోనూ ఆడవాళ్ళు దీన్ని హలావా పేరుతో ఇళ్ళలో చేసుకుంటారు. మనకు పాకం పట్టడం కొత్త కాదు కాబట్టి నాకు ఇది పరాయి పద్ధతిగా తోచలేదు.

రెండు గ్లాసుల పంచదారకు పావు గ్లాసు నిమ్మరసం, పావు గ్లాసు నీళ్ళు. అడుగు మందంగా ఉన్న గిన్నె, సన్నని సెగ. నిమ్మరసం వాసనకు వేసేది కాదు. అందులోని పులుపు పంచదారను విడగొట్టి పాకం మళ్ళీ పలుకు కట్టకుండా ఆపుతుంది. మొదట తెల్లటి నురుగు పొంగుతుంది, కాసేపటికి బుడగలు పెద్దవై బద్ధకంగా పగలడం మొదలవుతుంది, రంగు తేనె రంగులోకి తిరుగుతుంది. ఇక్కడినుంచి గిన్నె దగ్గరనుంచి కదలకూడదు. చల్లటి నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి వేళ్ళతో దగ్గరికి తీయండి. అరిసెల పాకమైతే మెత్తని ఉండ వస్తుంది, అది మనకు చాలదు. అంతకంటే ఒక్క మెట్టు ముదరాలి, అంటే ఉండ గట్టిగా నిలబడాలి, కానీ వేళ్ళ మధ్య నొక్కితే అణగాలి. పళ్ళెం అంచుకు తగిలించినప్పుడు టక్కుమని మోగిందా, అది చిక్కీ పాకం. వేరుశనగపప్పు తెచ్చుకొని అందులో పోసుకోవడం తప్ప వేరే దారి లేదు. మొదటి రెండుసార్లూ మా ఇంట్లో పిల్లలకు చిక్కీ దొరికింది.

దించిన వెంటనే ముట్టుకోవద్దు. అప్పుడు దాని వేడి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది, మరిగే నీళ్ళ కంటే ఎక్కువ, పైగా నీళ్ళలా జారిపోదు, అంటుకొని కాలుస్తుంది. ముప్పావుగంట ఆగి, చేతికి గోరువెచ్చగా తగిలినప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసుకొని, బంగారు రంగు తెల్లబడేదాకా లాగి మడవాలి. చర్మం పొడిగా ఉండాలి. మన ఉక్కపోతలో ఇది అంత తేలిక కాదు, కాబట్టి ఫ్యాను కింద కూర్చుని కాస్త టాల్కం పౌడరు అద్దుకోండి. ముద్దను వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా అదిమి పరిచి, రెండో చేత్తో చర్మాన్ని బిగబట్టి, పెరిగే దిక్కులోనే ఒక్క విసురుతో, చర్మానికి ఆనించినట్లుగా లాగాలి. పైకి ఎత్తి లాగితే వెంట్రుక మధ్యలో తెగుతుంది, చర్మం కమిలిపోతుంది. గోదారిగట్టుగారు చెప్పిన రెండో రకం పొక్కులు ఎక్కువగా అలా తెగినచోటే వస్తాయి. పార్లరు వాక్సులో రాసేది పెరిగే దిక్కులో, లాగేది ఎదురు దిక్కులో. కొత్తవాళ్ళు ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుంటారు.

వెంట్రుక సోనామసూరి బియ్యపు గింజంత పొడవుండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే పట్టు దొరకదు. కాబట్టి మీరు రేజరు మాని మూడు నాలుగు వారాలు ఓర్చుకోవాలి, ఈ పద్ధతిలో అసలు కష్టం అదే. ఒకసారి తీస్తే మూడు వారాల పైన నిశ్చింత. ఒళ్ళంతా ఒకేసారి మొదలుపెట్టకుండా ముందు ఒక పిక్కతో సరిపెట్టండి. ఎక్కడైనా అంటుకుపోతే గోరువెచ్చని నీళ్ళు పోయండి, పంచదారే కాబట్టి కరిగిపోతుంది.

రైలుబండి

మగవాళ్ళకు కూడా ఈ చర్చ పనికివస్తుందని చదువుతున్నాను. ఈతకు వెళ్తాను, ఛాతీ మీద ఒకసారి వాక్సు చేయించుకున్నాను. రెండోసారి అనే ప్రశ్నే లేదు. ఇప్పుడు ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరిస్తున్నాను. నున్నగా ఉండదు, కానీ పొక్కు ఒక్కటీ రాలేదు.

గోదారిగట్టు

రైలుబండిగారు మూడు ముక్కల్లో చెప్పింది చాలామంది పట్టించుకోని సంగతి. చంకలకూ, తొడల మధ్య భాగానికీ ట్రిమ్మరును మించినది నాకు తెలియదు. అక్కడ వెంట్రుక ముతకగా, వంకరగా ఉంటుంది, చర్మం మడతలు పడి చెమట నిలుస్తుంది. నున్నగా కోసిన వంకర వెంట్రుక లోపలికే తిరుగుతుంది. ఆ భాగాలలో వెంట్రుకలు ఉండటం అశుభ్రతేమీ కాదు. పొట్టిగా కత్తిరించుకొని రోజూ కడుక్కుంటే చాలు. ట్రిమ్మరుగానీ రేజరుగానీ తల్లీకూతుళ్ళ మధ్యనైనా పంచుకోవద్దు, ఎందుకంటే కనబడని రక్తపు చారతో కూడా హెపటైటిస్ బి అంటుతుంది.

కెరటం_విశాఖ

ఎపిలేటరు గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. గుండ్రంగా తిరిగే చక్రాలలో వరుసగా పట్టకార్లు ఉండి, వెంట్రుకలను కుదురుతో సహా పీకే చిన్న యంత్రం ఇది. దీని మొదటి రూపం ఇజ్రాయెల్‌లో ఒక కిబుట్జ్‌లో, అంటే అందరూ ఉమ్మడిగా పనిచేసుకునే పల్లెలో, తయారై 1986లో ఎపిలేడీ పేరుతో బజారులోకి వచ్చింది. అప్పట్లో పట్టకార్లు లేవు, వంగి తిరిగే స్ప్రింగు చుట్ల మధ్య వెంట్రుక ఇరుక్కొని ఊడేది. ఇప్పటివి అంతకంటే నయమని చదివాను. నయమైతేనే ఇంత నొప్పి ఉంటే అప్పటివాళ్ళ ఓర్పుకు దండం పెట్టాలి.

నొప్పి మొదటి రెండుసార్లు ఎక్కువ, తరువాత తగ్గుతుంది. పాకానికి లేని లాభం ఏమిటంటే వెంట్రుక బియ్యపుగింజంత పెరిగేదాకా ఆగనక్కరలేదు, రెండు మూడు మిల్లీమీటర్లున్నా పట్టుకుంటుంది. నష్టం ఏమిటంటే తొందరపడి వేగంగా జరిపితే సగం వెంట్రుకలను పీకదు, తెంపుతుంది. నాకు మొదటి రెండు నెలలూ తొడల మీద పొక్కులు రావడానికి కారణం అదే. ఇప్పుడు రాత్రి స్నానం చేసి, పూర్తిగా తుడుచుకొని, ఆరిన తరువాత నెమ్మదిగా చేస్తాను. లేచిన ఎర్రటి చుక్కలు తెల్లవారేసరికి అణుగుతాయి. రెండు రోజుల తరువాత నుంచి వారానికి రెండుసార్లు మెత్తని గుడ్డతో గుండ్రంగా రుద్దుతాను. యంత్రం తలను ప్రతిసారీ స్పిరిట్‌తో తుడుస్తాను. మంచి యంత్రానికి మూడు నాలుగు వేలు పెట్టాను, అయిదేళ్ళుగా అదే పనిచేస్తోంది.

ట్రినిటీ_తీరం

డాలస్ నుంచి రాస్తున్నాను. ఇంట్లో వాడే ఐపీఎల్ యంత్రాల ప్రకటనలు చూసి సిరిమల్లెగారు అటు మొగ్గు చూపకముందే నా అనుభవం చెబుతాను.

ఐపీఎల్ అంటే లేజరు కాదు, అనేక రంగులు కలిసిన కాంతిని ఒక్కసారిగా మెరిపించే దీపం. సూత్రం మాత్రం ఒకటే, 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ప్రతిపాదించినది. నల్లటి వస్తువు కాంతిని పీల్చుకొని వేడెక్కుతుంది, వెంట్రుకలోని మెలనిన్ వేడెక్కి కుదురును దెబ్బతీస్తుంది. తెల్లటి చర్మం మీద నల్లటి వెంట్రుక ఉన్నవారికి ఇది చక్కగా కుదురుతుంది. మన చర్మంలోనూ మెలనిన్ ఉంది, ఏది వెంట్రుకో ఏది చర్మమో దీపానికి తెలియదు. చర్మపు రంగులను వర్గీకరించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానాన్ని 1975లో తయారుచేసినప్పుడు అందులో తెల్లవారి చర్మాలే ఉన్నాయి. గోధుమ, నలుపు రంగులకు అయిదు, ఆరు తరగతులను తరువాత చేర్చారు. మనలో ఎక్కువమంది నాలుగు, అయిదు తరగతులవారం. చాలా ఇంటి యంత్రాలు నాలుగో తరగతితోనో అయిదో తరగతితోనో ఆగిపోతాయి.

నా యంత్రానికి చర్మం రంగు చూసే సెన్సరు ఉంది. ముంజేతి మీద మెరిసేది, చంకలో పెడితే ఎర్రదీపం చూపించి మొండికేసేది. ఒక వేసవిలో పిల్లలతో చెరువుకు వెళ్ళి నల్లబడి వచ్చి, అది అనుమతించింది కదా అని పిక్కల మీద వాడాను. దీపపు కిటికీ ఎంత ఉందో అంత, తపాలా బిళ్ళంత నలుచదరపు మచ్చలు మూడు, స్కేలు పెట్టి గీసినట్లు పడ్డాయి. అవి మాయడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఎండకు నల్లబడనప్పుడు, సెన్సరు ఒప్పుకున్నచోట, మొదట రెండు వారాలకొకసారి ఓపికగా వాడితే నా ముంజేతుల మీద సగానికి సగం తగ్గాయి. ప్రతిసారీ ముందు షేవింగ్ చేయాలి, పీకకూడదు, ఎందుకంటే కుదురులో వెంట్రుక ఉంటేనే వేడి లోపలికి దిగుతుంది. పెరుగుదల దశలో ఉన్న వెంట్రుకలకే దెబ్బ తగులుతుంది కాబట్టి ఒక్కసారితో తేలదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్.డి.ఎ. సంస్థ వాడే మాట కూడా శాశ్వతంగా తగ్గించడం అనే, పూర్తిగా తొలగించడం అని కాదు. గడ్డం, దవడల మీద మాత్రం ఇంట్లో ప్రయోగం చేయవద్దు. మన దక్షిణాసియా స్త్రీలలో కొందరికి అక్కడ కాంతి తగిలిన తరువాత వెంట్రుకలు తగ్గకపోగా పెరిగిన సందర్భాలు వైద్యులు గమనించారు. లేజరే కావాలంటే 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం ముదురు చర్మానికి సురక్షితం, అది చర్మవైద్యుల దగ్గర చేయించుకునేదే.

చదువరి_కడప

ఒక చిన్న అనుబంధం. వెంట్రుకను నిజంగా శాశ్వతంగా తీసే పద్ధతి ఈ ఐపీఎల్, లేజరులకంటే పాతది. లోపలికి పెరిగి కంటిని గుచ్చే రెప్పవెంట్రుకలను 1875లో చార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు సన్నని సూదితో కుదురులోకి విద్యుత్తు పంపి తొలగించాడు. అదే ఎలక్ట్రాలిసిస్. ఆయనదీ సెయింట్ లూయిస్ నగరమే, వెంట్రుకల చరిత్రలో ఆ ఊరికి ఏదో రుణం ఉన్నట్లుంది. ఇది రంగుతో పనిలేకుండా తెల్లవెంట్రుకల మీద కూడా పనిచేస్తుంది, కానీ ఒక్కొక్క కుదురులో సూది పెట్టాలి. ఇంట్లో చేసుకునే పని కాదు.

తులసికోట

అమ్మాయిలూ, అందరూ యంత్రాలు, రసాయనాలు అంటున్నారు. మా కాలంలో పసుపు, సెనగపిండి, మీగడ కలిపి నలుగు పెట్టేవారు. పుట్టిన పిల్లలకు గోధుమపిండి ముద్దతో ఒళ్ళు దొర్లించేవారు. కస్తూరి పసుపు రోజూ రాస్తే మూతిమీద నూగు రాదు అనేవారు. నాకు డెబ్బై ఒకటి, నా ముఖం మీద ఒక్క వెంట్రుక లేదు.

గోదారిగట్టు

అక్కయ్యగారూ, నలుగు నేనూ పెట్టించుకున్నాను, మా పిల్లలకూ పెట్టాను. మట్టి, మృతకణాలు పోయి చర్మం నునుపెక్కుతుంది, ఆరిన పిండిని రుద్దినప్పుడు నాలుగు సన్నని నూగు వెంట్రుకలు ఊడతాయి. కుదురు మాత్రం చెక్కుచెదరదు. పసిపిల్లల ఒంటి మీది నూగు కొన్ని వారాలకో నెలలకో దానంతట అదే రాలిపోతుంది. ఆ రాలేకాలంలో మనం పిండి దొర్లిస్తాం కాబట్టి పేరు పిండికి వచ్చింది. పసికందు చర్మం చాలా పలుచన, గట్టిగా రుద్దితే ఎర్రబడి పుండు పడుతుంది. నూనె రాసి స్నానం చేయిస్తే చాలు.

చదువరి_కడప

పాతది కాబట్టి మెత్తనిది అనుకోవడానికి లేదు. సుశ్రుత సంహిత చికిత్సా స్థానంలో పుండు దగ్గరి వెంట్రుకలు తీయడానికి రెండు పాళ్ళు శంఖచూర్ణం, ఒక పాలు హరితాళం కలిపి పుల్లని ద్రవంతో నూరి రాయమని ఉంది. హరితాళం అంటే మన తాళకం, ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం. గంధకపు సమ్మేళనంతో వెంట్రుకలు తీసే ఈ ఉపాయం గుంటూరువారి ట్యూబులో ఉన్నదానికి తాతలాంటిదే. ఆర్సెనిక్ విషం కాబట్టి తాతను అక్కడే ఉండనిద్దాం.

మందులకొట్టు_గుంటూరు

సిరిమల్లెగారి మచ్చల గురించి నేను ముందే రాయవలసిన సంగతి ఒకటి మరిచాను. మచ్చలకని కొట్టులో చనువుగా అడిగి తీసుకువెళ్ళే క్రీములలో చాలావాటిలో మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. వారంలో చర్మం తేటబడినట్లు కనబడుతుంది, అదే మోసం. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది, చంకల్లో, తొడల్లో చారలు పడతాయి, అన్నిటికంటే విచిత్రం, రాసినచోట వెంట్రుకలు ఎక్కువగా పెరుగుతాయి. వెంట్రుకలు తీసిన మచ్చకు వెంట్రుకలు మొలిపించే మందు రాసినట్లవుతుంది. 2018లో ప్రభుత్వం ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వవలసిన జాబితాలో చేర్చింది. చీటీ అడిగితే ఖాతాదారులు నామీద కోప్పడుతున్నారు, పడనివ్వండి.

పొక్కులకు, కాలి గరుకుకు సాలిసిలిక్ ఆమ్లం గానీ, లాక్టిక్ ఆమ్లం లేదా యూరియా కలిసిన లోషన్లు గానీ సరిపోతాయి. వెంట్రుకలు తీసిన రోజున మాత్రం అవి మండుతాయి, రెండు రోజులు ఆగాలి. మొటిమలకు రెటినాయిడ్ క్రీము రాసేచోట వాక్సు, పాకం పెట్టవద్దు, చర్మం పొరగా లేచిపోతుంది. ఐసోట్రెటినాయిన్ అనే మొటిమల మాత్రలు మింగేవారు అయితే మానిన తరువాత కూడా ఆరు నెలలు వాక్సు జోలికి పోకూడదని మాత్రల వెంట వచ్చే సమాచారంలోనే ఉంటుంది.

సిరిమల్లె

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. గోదారిగట్టుగారు చెప్పినట్లు నిన్న రాత్రి టార్చి పెట్టుకొని చూసుకున్నాను. పిక్కల మీద సగం చుక్కలు వేలికి తగలనివి, మిగిలినవి పొక్కులు. ఇంతకాలం అన్నిటినీ మచ్చలే అనుకొని నిమ్మచెక్క రుద్దాను, తలచుకుంటేనే మండుతోంది. రెండు ప్రశ్నలు మిగిలాయి. చంకల నలుపు రేజరు వల్లనేనా? నాకు ఏడాదిగా గడ్డం కింద ముతక వెంట్రుకలు నాలుగైదు వస్తున్నాయి, వాటికి ఏ పద్ధతి మేలు?

గోదారిగట్టు

అమ్మా, రెండో ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. వాటిని పట్టకారుతో పీకినా, దారంతో తీయించుకున్నా, ముఖానికి వాడే చిన్న రేజరుతో గీసుకున్నా తప్పులేదు. కానీ ఏడాది కిందట లేనివి కొత్తగా వచ్చాయన్నావు, అది అడగవలసిన విషయం. నెలసరి సరిగా వస్తోందా, మొటిమలు పెరిగాయా, నడినెత్తిన జుట్టు పలుచబడుతోందా, బరువు పెరిగావా చూసుకో. వీటిలో రెండు ఉన్నా పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకో. అది మనలో ఎంతో మామూలు సమస్య. కుదురుకు లోపలినుంచి ఆజ్ఞ అందుతున్నంతకాలం పైన ఏ పద్ధతి వాడినా మళ్ళీ వస్తూనే ఉంటాయి. వైద్యులు ఎఫ్లోర్నితిన్ అనే పూతమందు కూడా రాస్తారు, అది వెంట్రుకను ఊడగొట్టదు, పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది.

చంకల సంగతికి వస్తే, నలుపు చదునుగా ఉంటే రేజరు, డియోడరెంటు, బిగుతు చొక్కాల రాపిడి కారణం కావచ్చు. నలుపుతోపాటు చర్మం మందమై ముఖమల్ గుడ్డలా తగులుతూ, మెడ వెనక కూడా అలాగే ఉంటే మాత్రం అది వెంట్రుకలకు సంబంధించినది కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు కావచ్చు. అప్పుడు రక్తంలో చక్కెర చూపించుకోవాలి. ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ కాళ్ళకు ఈ పాకం, వేడి వాక్సు పెట్టవద్దని కూడా చెప్పు, స్పర్శ తగ్గిన కాలికి కాలుతున్నది తెలియదు.

పాకం_పట్టినమ్మ

ముందుగా అరకప్పు పంచదారతోనే చేసి చూడండి సిరిమల్లెగారూ. చిక్కీ అయినా తినేయడానికి నలుగురున్నారు కదా.

సిరిమల్లె
(తొమ్మిది వారాల తరువాత)

చెప్పి మాయమవడం మర్యాద కాదని మళ్ళీ రాస్తున్నాను. రేజరు మాని పొడవు ప్యాంట్లతో నాలుగు వారాలు నెట్టుకొచ్చాను. మొదటిసారి పాకం చిక్కీ అయింది, గదిలో ముగ్గురూ తిన్నారు. రెండోసారి ఉండ కుదిరింది కానీ కంగారులో పైకి ఎత్తి లాగి మోకాలి కింద కమిలించుకున్నాను. మూడోసారి ఆదివారం మధ్యాహ్నం ఫ్యాను కింద, చర్మానికి ఆనించి లాగడం చేతికి పట్టుబడింది. ఎడమ పిక్క పూర్తయ్యాక కుడి పిక్కతో పక్కపక్కన పెట్టి చూసుకుంటే, వేలికి తగలని చుక్కలు ఎడమవైపు దాదాపు కనబడలేదు. పాత పొక్కుల నలుపు మాత్రం రెండు కాళ్ళకూ అలాగే ఉంది, లేతబడుతోందని నా నమ్మకం, మా గదిలోవాళ్ళు ఒప్పుకోవడం లేదు.

చంకలకు ట్రిమ్మరు కొన్నాను. నున్నదనం పోయింది, మంట కూడా పోయింది. గడ్డం వెంట్రుకల విషయమై డాక్టరుగారిని కలిశాను, స్కానింగు, రక్తపరీక్షలు రాశారు, ఈ శుక్రవారం ఫలితాలు వస్తాయి. మెడ వెనక ముఖమల్ లాంటిదేమీ లేదన్నారు.

పిన్ని కూతురి పెళ్ళికి పాకం పట్టే బాధ్యత నాకే అప్పగించారు. అరిసెలకు పెద్దమ్మ పడుతుందట, ఆ పక్క పొయ్యి మీద నేను.